ఫైన్ కట్టేస్తే కేసు పోతుందా? మేజిస్ట్రేట్ కోర్టులపై అపోహలు - వాస్తవాలు

విశాఖలో క్రిమినల్ కేసులు చూసే లాయరుగా క్లయింట్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: స్పెషల్ మేజిస్ట్రేట్ అసలు జడ్జే కాదు.
వాస్తవం: ఫలానా తరహా కేసులు చూడటానికి ఆయనకి మేజిస్ట్రేట్ అధికారాలిచ్చేది హైకోర్టే. ప్రభుత్వం కోరితే, సర్కారు ఉద్యోగంలో ఉన్నవారికో రిటైరైనవారికో, తగిన న్యాయ పరిజ్ఞానం ఉంటే, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 11వ సెక్షన్ కింద ఇస్తుంది. నియామకం ఒక విడతకి ఏడాది మించదు. ఇచ్చేవి ఫస్ట్ క్లాస్ లేదా సెకండ్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలు; కింది మెట్టైన సెకండ్ క్లాస్ మేజిస్ట్రేట్ కూడా ఏడాది దాకా జైలుశిక్ష వేయగలరు.

అపోహ: ఒప్పేసుకుని ఫైన్ కట్టేస్తే కేసు పోయినట్టే.
వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. బీచ్ రోడ్డులో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికిన కుర్రాళ్లు పొద్దున్నే కోర్టు వరండాలో వరుసగా నిలబడతారు. పేరు పిలుస్తారు, "తప్పు ఒప్పుకుంటున్నావా?" అని అడుగుతారు, తలూపుతారు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. పనికి టైముకి వెళ్లిపోవచ్చన్న తొందర వాళ్లది. కానీ అది నేరం రుజువై శిక్ష పడినట్టే. ఒప్పుకున్నాక అప్పీలుకి వెళ్లినా శిక్ష ఎంత, అది చట్టప్రకారం ఉందా అన్నంతవరకే చూస్తారు. డ్రంక్ అండ్ డ్రైవ్‌కి మొదటిసారి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మళ్లీ దొరికితే జైలు 2 ఏళ్ల దాకా, జరిమానా 15,000. రేపు ఉద్యోగం దరఖాస్తులో "ఏదైనా కేసులో శిక్ష పడిందా?" అని ఉంటే ఏం రాస్తారు?

అపోహ: హత్య కేసుకి మేజిస్ట్రేట్‌తో పనిలేదు.
వాస్తవం: చార్జిషీటు ముందు అక్కడికే వస్తుంది. పీఆర్‌సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు వేసి, ముద్దాయికి కాపీలిచ్చి, విచారణ జరిపే సెషన్స్ కోర్టుకి కమిట్ చేయాలి, అంటే పంపాలి. గడువు 90 రోజులు, కారణాలు రాసి 180 దాకా పెంచొచ్చు. చిల్లర కేసులు స్పెషల్ మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తేనే మామూలు మేజిస్ట్రేట్‌కి ఇలాంటి పనికి, సాక్షుల విచారణకి తీరిక దొరుకుతుంది. అందుకే స్పెషల్ మేజిస్ట్రేట్లు ఉండాలని గట్టిగా నమ్ముతాను.

అపోహ: మేజిస్ట్రేట్లని పెంచితే చాలు, పెండింగ్ దానంతటదే తగ్గుతుంది.
వాస్తవం: ఏపీపీ (ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) లేకపోతే, వారెంటు అమలు కాకపోతే, బదిలీ అయిన ఎస్సై సాక్ష్యానికి రాకపోతే, బెంచి మీద ఎవరున్నా పడేది వాయిదాయే.

తలూపే ముందు ఏ సెక్షన్ పెట్టారో, శిక్ష ఎంతో కనుక్కోండి. లాయరుకి డబ్బుల్లేవా? జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.