‘స్పామ్’ బటన్ వెనక 46 ఏళ్లు

జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి ఉత్తరాలు పంపేవారికి గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి కొన్ని నిబంధనలు పెట్టింది. న్యూస్‌లెటర్ నడిపేవారిని వాటిలో అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది 0.3 శాతం అనే అంకె. ఉత్తరాన్ని ‘స్పామ్’గా గుర్తుపెట్టిన పాఠకుల నిష్పత్తి ఆ గీతను తాకకూడదు, 0.1 శాతం లోపే ఉంటే మేలు. యాహూ కూడా అదే సమయంలో 0.3 శాతం హద్దునే ప్రకటించింది. అంటే వెయ్యిమందిలో ముగ్గురు విసుక్కుంటే మిగిలిన 997 మందికీ ఉత్తరం చేరడం కష్టమవుతుంది. ఒకప్పుడు మనిషి మనిషికి రాసుకున్న ఫిర్యాదు ఇలా దశాంశంగా మారడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది.

మొదటి ఫిర్యాదులు 1978 నాటివి. ఆ ఏడాది మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ఆహ్వానం పంపించారు. చిరునామాల గడిలో పట్టనివి పొంగి ఉత్తరం లోపలికి వచ్చి పడ్డాయి. ఇన్ని చిరునామాలకు ఒకేసారి రాయాలని అంతవరకు ఎవరికీ తోచలేదన్నమాట. అమెరికా ప్రభుత్వ పనులకు ఉద్దేశించిన ఆ నెట్‌వర్క్ నిర్వాహకులకు ఫిర్యాదులు వెల్లువెత్తాయి, ఇంకోసారి ఇలా జరగకూడదని వారు కంపెనీకి గట్టిగా చెప్పారు. ఫిర్యాదు చేసినవారికి, విన్నవారికి, తప్పు చేసినవారికి ఒకరి పేరు ఒకరికి తెలిసే రోజులవి.

1994 ఏప్రిల్ నాటికి ఆ పరిచయం చెదిరిపోయింది. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌కు చెందిన న్యాయవాద దంపతులు క్యాంటర్, సీగెల్ గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను యూజ్‌నెట్‌లోని వేలాది చర్చా బృందాల్లో గుప్పించినప్పుడు, కోపించిన పాఠకుల ఉత్తరాల బరువుకు వారి ఇంటర్నెట్ కంపెనీ సర్వరే కూలబడింది, వారి ఖాతా రద్దయింది. ఫిర్యాదుకు కూడా ఒక ద్వారం ఉండాలన్న ఎరుక అప్పటినుంచి బలపడింది. ప్రతి సంస్థా ‘అబ్యూజ్’ అనే పేరుతో ఒక మెయిల్‌పెట్టె తెరిచి ఉంచాలని 1997 మేలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2142 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం నిర్దేశించింది. అదే ఏడాది ఇంటర్నెట్ ఇంజినీరు పాల్ విక్సీ బృందం స్పామ్ పంపే సర్వర్ల నిరోధక జాబితాను అందుబాటులోకి తెచ్చింది, మరుసటి ఏడాది అటువంటి జాబితాలే నడిపే స్పామ్‌హౌస్ సంస్థ మొదలైంది. అయితే ఈ ఫిర్యాదులు చేరింది నెట్‌వర్క్ నిర్వాహకులకే. న్యూస్‌లెటర్ ప్రచురించేవారికి సంగతి తెలిసేసరికి చాలాసార్లు వారి సర్వర్ జాబితాకెక్కి ఉండేది.

చందా మానుకునే మార్గం లేదా అంటే, ఉండేది. ఉత్తరం శీర్షభాగంలోనే ఆ చిరునామా చేర్చే పద్ధతి 1998లోనే ప్రమాణంగా వచ్చింది. దాన్ని నమ్మేవారే తక్కువ. ‘అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే నీ చిరునామా పనిచేస్తోందని వాళ్లకు తెలిసిపోతుంది, జోలికి పోవద్దు’ అన్న సలహా అప్పట్లో ఊరూవాడా తిరిగింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో పరీక్షించిన స్పామ్ ఉత్తరాల్లో, పేరు తొలగించమని కోరే లింకులు, చిరునామాల్లో 63 శాతం అసలు పనిచేయనే లేదు. ఈనాటి నిజాయితీ గల ప్రచురణకర్త కూడా ఆనాటి మోసగాళ్ల అప్పునే తీరుస్తున్నాడని నా అభిప్రాయం. అప్పుడు నేర్చుకున్న జంకు పాఠకుల వేళ్లలో ఇంకా ఉంది.

ఆ వేళ్లకు దొరికినదే ‘రిపోర్ట్ స్పామ్’ బటన్. 2000ల తొలి సంవత్సరాల్లో అమెరికా ఇంటర్నెట్ సేవల సంస్థ ఏఓఎల్ దాన్ని కోట్లాది చందాదారుల ముందుంచింది. నొక్కిన ప్రతిసారీ పంపినవారికి ఒక ప్రతిని తిప్పి పంపే ఫీడ్‌బ్యాక్ లూప్ ఏర్పాటునూ తెచ్చింది. ఇతర సంస్థలూ అదే దారి పట్టాయి. ఆ నివేదికల రూపం 2010 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 5965గా స్థిరపడింది: మనిషి చదివే వాక్యం ఒకటి, యంత్రం చదివే వివరం ఒకటి, అసలు ఉత్తరం ఒకటి. ఫిర్యాదు మొదటిసారి ప్రచురణకర్త చేతికి నేరుగా వచ్చింది. కానీ ఆ చేతికి వచ్చినది పాత అర్థంలో ఫిర్యాదు కాదు. స్వయంగా పేరు నమోదు చేసుకుని, ఏడాది పాటు చదివి, ఒక రోజు విసుగు పుట్టిన మనిషి కూడా అదే బటన్ నొక్కుతాడు. అతని దృష్టిలో అది కేవలం ‘చాలు’ అనే మాట.

ఈ తేడాను జీర్ణించుకోవడం ప్రచురణకర్తలకు కష్టమైంది. ‘మీరే చేరి మీరే ఫిర్యాదు చేస్తారా’ అని పాఠకుడికి తిరిగి రాసినవారూ ఉన్నారు, రాస్తే మరో ఫిర్యాదు వచ్చేది. చాలా మెయిల్ సంస్థలు నివేదికలో పాఠకుడి చిరునామాను తుడిచేసి పంపుతాయి కాబట్టి, ప్రతి ఉత్తరంలోనూ చందాదారుడిని గుర్తించే ఒక సంకేతాన్ని పొందుపరచడం అలవాటైంది. సంకేతం ద్వారా పేరు పట్టుకుని, మారుమాట లేకుండా తొలగించి, పాత జాబితాను మళ్లీ ఎక్కించినప్పుడు ఆ పేరు తిరిగి రాకుండా వేరే పట్టికలో భద్రపరచడమే ఈనాటికీ సరైన పద్ధతి. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. ఫిర్యాదు చేసినవారు ఏ ద్వారం నుంచి జాబితాలోకి వచ్చారో చూడాలి. కొన్న జాబితా అయినా, సదస్సులో పోగుచేసిన విజిటింగ్ కార్డులయినా, ఆరు నెలల మౌనం తర్వాత హఠాత్తుగా పంపిన సంచిక అయినా, జాడ సాధారణంగా అక్కడికే తీసుకెళ్తుంది.

చట్టాల పాత్ర ఇందులో రెండో స్థానమే. 2004 జనవరి 1న అమల్లోకి వచ్చిన అమెరికా క్యాన్-స్పామ్ చట్టం ముందస్తు సమ్మతి అడగలేదు, మానుకుంటామన్నవారిని 10 పనిదినాల్లో తొలగించమంది. కెనడా 2014లో సమ్మతినే ముందుకు తెచ్చింది. భారతదేశంలో ఈమెయిల్ స్పామ్‌కు ప్రత్యేక చట్టం లేదు. చిరాకు పెట్టే ఉత్తరాలను తాకిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఫిర్యాదులకు మనకు పరిచయమైన 1909 నంబరు ఫోన్ కాల్స్, ఎస్ఎంఎస్‌ల వరకే పనికొస్తుంది. సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కు తీసుకునే వీలుండాలన్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం న్యూస్‌లెటర్లకు దగ్గరగా వస్తుంది.

2016 ఆగస్టులో సమస్య తలకిందులైంది. ఎవరో తమకు గిట్టనివారి చిరునామాలను ప్రోగ్రాముల సాయంతో వేలాది న్యూస్‌లెటర్ ఫారాల్లో నింపి, బాధితుల పెట్టెలను ముంచెత్తారు. ఏ పాపమూ ఎరుగని ప్రచురణకర్తలే అక్కడ ఆయుధాలయ్యారు. నిర్ధారణ ఉత్తరంలోని లింకు నొక్కితేనే చందా మొదలయ్యే విధానాన్ని, ఫారం నింపేది మనిషో యంత్రమో తేల్చే క్యాప్చా పరీక్షను అంతవరకు తేలిగ్గా తీసుకున్నవారికి ఆ నెల గట్టి దెబ్బ.

ఇక జీమెయిల్ మొదటినుంచీ వేరే దారిలో నడిచింది. ఎవరు ఫిర్యాదు చేశారో అది చెప్పదు, పంపేవారి కోసం 2015లో తెచ్చిన పోస్ట్‌మాస్టర్ టూల్స్‌ అనే సాధనంలో శాతం మాత్రం చూపుతుంది. ఆ లెక్కలోనూ ఒక మెలిక ఉంది. ఇన్‌బాక్స్‌కు చేరిన ఉత్తరాలే శాతం కట్టే మొత్తంలోకి వస్తాయి, నేరుగా స్పామ్ ఫోల్డర్‌లో పడినదాన్ని స్పామ్ అని ఎవరూ గుర్తుపెట్టరు. అందువల్ల పరిస్థితి దిగజారుతున్నప్పుడే అంకె అందంగా కనిపించవచ్చు. ఒక్క నొక్కుతో చందా మానుకునే పద్ధతిని 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8058 నిర్వచించగా, పెద్ద సంఖ్యలో పంపేవారికి గూగుల్ దాన్ని 2024 జూన్ నుంచి తప్పనిసరి చేసింది. కోరినవారిని రెండు రోజుల్లో తొలగించాలి.

ఏడెనిమిది వందలమందికి తెలుగులో సాహిత్య లేఖో స్థానిక వార్తల లేఖో పంపే సంపాదకుడికి ఆ శాతం కూడా దొరకదు. పరిమాణం తక్కువైతే పోస్ట్‌మాస్టర్ టూల్స్ పట్టిక ఖాళీగానే ఉంటుంది. అటువంటివారిలో కొందరు ఉత్తరం మొదటి పంక్తిలోనే, ‘ఫలానా నెలలో ఫలానా చోట మీరు పేరు ఇచ్చారు, వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి’ అని రాసి, ఆ లింకును అడుగున కాక తలమీదే పెడుతున్నారు.