బెల్లం లేని బొబ్బట్టు

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవులు చిన్నికీ బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. స్కూల్లో ఏదైనా ఒక ద్వీప దేశాన్ని తీసుకుని అక్కడి సొంత వంటల మీద చార్ట్ చెయ్యమన్నారట. నేనూ తాతయ్యా వెళ్లొచ్చాం కదా అని చిన్ని మారిషస్ ఎంచుకుందట. తీరా నెట్‌లో వెతికితే పూరీ, బిర్యానీ, నూడుల్స్, సమోసా అని వచ్చాయట. "ఇవన్నీ మనవీ చైనా వాళ్లవీ కదా, వాళ్ల సొంతం ఏది?" అని దానికి ఒకటే టెన్షనట. ఫోన్లో చెబితే సగం వింటారు, మిగతా సగం టీవీ వింటుంది. అందుకే కాగితం తీశాను.

చిన్నీ, నువ్వు అడిగింది మంచి ప్రశ్నే. కానీ ఒక సంగతి తెలియాలి. ఆ దీవిలో మొదట మనుషులే లేరు. అడవి, తాబేళ్లు, పక్షులు, అంతే. 1598లో డచ్చివాళ్లు దిగారు. మన కాకినాడ జగన్నాథపురంలో తర్వాత వ్యాపారపు కోఠీ పెట్టుకున్నది కూడా ఆ డచ్చివాళ్లే. అక్కడ ఎగరలేని లావుపాటి డోడో పక్షిని పట్టి వండుకున్నారు. రుచి బాగాలేదని దానికి 'వెగటు పక్షి' అని పేరు కూడా పెట్టారు. అయినా అది బతికి బట్టకట్టలేదు. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు దాని గుడ్లు తినేశాయి. కాబట్టి 'అనాదిగా ఉన్న వంట' అంటూ అక్కడ ఏదీ ఉండదు. తినేవాళ్లూ ఓడెక్కి వచ్చినవాళ్లే, తిండీ ఓడెక్కి వచ్చిందే.

చెరకునీ జింకల్నీ డచ్చివాళ్లే జావా నుంచి తెచ్చారు. ఇప్పటికీ అక్కడ జింక మాంసం కూర వండుతారు. వాళ్లు 1710లో వెళ్లిపోయాక ఫ్రెంచివాళ్లు వచ్చారు. మడగాస్కర్ నుంచీ ఆఫ్రికా నుంచీ మనుషుల్ని బానిసలుగా పట్టి తెచ్చారు. 1810లో దీవి ఇంగ్లిషువాళ్ల చేతికి పోయింది. 1835లో బానిసత్వం రద్దయింది. మరి చెరకు ఎవరు కొడతారు? అందుకు ఆ రద్దు అమల్లోకి రాకముందే మన దేశం మీద పడ్డారు. 1834 నవంబర్ 2న 'అట్లాస్' అనే ఓడలో కలకత్తా నుంచి వెళ్లిన 36 మంది అక్కడి రాజధాని పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఐదేళ్ల ఒప్పందం, మగవాళ్లకి నెలకి 5 రూపాయల జీతం, రేషన్‌గా బియ్యం, పప్పు. తర్వాతి డెబ్బై ఎనభై ఏళ్లలో సుమారు నాలుగున్నర లక్షల మంది అలా వెళ్లారు. వాళ్లు ఎక్కిన రాతి మెట్లు ఇంకా ఉన్నాయి. ఆ చోటుని ఆప్రవాసి ఘాట్ అంటారు. తాతయ్య ఆ మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఎందుకో తెలుసా? మీరు పోయిన సెలవుల్లో మడ అడవుల్లో పడవెక్కిన కోరంగి ఉంది చూడండి, ఆ రేవు నుంచి కూడా మనవాళ్లు వెళ్లారు. అందుకే అక్కడ తెలుగువాళ్లని 'కోరింగీలు' అనేవారు. ఉగాదికి ఇప్పటికీ ఆ దేశమంతటికీ సెలవు.

సరే, ఇక తిండి.

చార్ట్ మధ్యలో పెద్దగా వెయ్యాల్సింది ధోల్ పురీ. పేరు చూసి నూనెలో పొంగే పూరీ అనుకునేరు. అది పెనం మీద కాల్చేది. శనగపప్పుని ఉడకబెట్టి, నీళ్లు వార్చి, పొడిపొడిగా రుబ్బి, పసుపూ జీలకర్రా కలిపి, మైదా ముద్దలో పెట్టి, కాగితంలా పల్చగా వత్తి కాలుస్తారు. చదువుతుంటే మీకేమైనా గుర్తొస్తోందా? పప్పులో బెల్లం వేస్తే అది మన బొబ్బట్టే, మీ హైదరాబాద్ భక్ష్యమే! భోజ్‌పురీ మాట్లాడే బిహారు వాళ్లు పట్టుకెళ్లిన దాల్ పూరీ అది. బిహార్లో పండగకో పబ్బానికో చేసుకునేది అక్కడికెళ్లి రోజూ వీధిలో దొరికే టిఫిన్ అయిపోయింది. ఒకటి అమ్మరు, జత అమ్ముతారు. రెండు పూరీల మీద తెల్ల చిక్కుడు గింజల కూర, టమాటా కూర, కొత్తిమీర పచ్చడి, ఊరబెట్టిన కూరముక్కలు ఒక్కో గరిటె వేసి, చుట్టి, కాగితంలో పెట్టి చేతికిస్తారు. ఆఫీసర్లూ కూలీలూ ఒకే లైన్లో నిలబడి, రసం మోచేతి దాకా కారకుండా ముందుకి వంగి తింటారు. మొదటి రోజు నా చీర మీద కారింది. రెండో రోజుకి వంగడం నేర్చుకున్నాను.

ఒక పరాభవం కూడా చెప్పాలి. ఆ బండి దగ్గర ఎర్రగా నిగనిగలాడుతున్న ముద్ద కనిపిస్తే టమాటా పచ్చడేమో అనుకుని ఇంకో స్పూను వెయ్యమన్నాను. బండివాడు నా మొహం వైపు చూశాడు. "గుంటూరు కారం తిన్నవాళ్లం బాబూ" అని తెలుగులో అనేశాను, వాడికి అర్థం కాదని తెలిసీ. అది మజావారూ అనే మిరపకాయ ముద్ద. ఆ తర్వాత కాసేపు నేనేం మాట్లాడలేదు. తాతయ్య ఈ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు.

ఆ టమాటా కూరని రుగాయ్ అంటారు. టమాటాని వాళ్లు 'పొమ్ దామూర్' అంటారు, ఫ్రెంచిలో ప్రేమ పండు అని అర్థం (బుజ్జీ, నవ్వకు). ఉల్లి, వెల్లుల్లి, అల్లం వేయించి టమాటా మగ్గనిస్తారు. అందులో ఫ్రెంచివాళ్లు తెచ్చిన థైమ్ ఆకూ పడుతుంది, మన కరివేపాకూ పడుతుంది. ఒకే గిన్నెలో ఆ రెండూ కలిసిన వాసన నేను ఇంకెక్కడా చూడలేదు. నన్నడిగితే వాళ్ల 'సొంతం' అదే. అందులో ఉప్పుచేప వేసుకుంటే ఒక కూర, గుడ్లు వేసుకుంటే ఇంకో కూర. తుపానొచ్చి ఇంట్లోంచి కదలలేని రోజున డబ్బా చేపలు వేసుకుంటే మరో కూర. తుపాన్ల సంగతి మనకి చెప్పక్కర్లేదుగా.

ఇంకొకటి గాతో పిమా. మాటకి మాట చెబితే 'మిరపకాయ కేకు'. చూస్తే మన మసాలా వడే, నిమ్మకాయంత గుండ్రంగా ఉంటుంది. పప్పు నానబెట్టి బరకగా రుబ్బి, ఉల్లికాడలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి వేయిస్తారు. తినే పద్ధతే వేరు. పొద్దున్నే వెన్న రాసిన ఫ్రెంచి రొట్టెలో నాలుగు వేడివేడి వడలు నొక్కి తింటారు. వడ మనది, రొట్టె ఫ్రెంచివాళ్లది, ఆకలి ఇద్దరిదీ.

చిన్నికి మాటలంటే ఇష్టం కాబట్టి అంగట్లో నేను రాసుకున్న నాలుగు మాటలు ఇస్తున్నాను. ఫ్రెంచి నుంచి పుట్టిన వాళ్ల క్రియోల్ భాషలో కొత్తిమీర 'కొతోమిలి', కరివేపాకు 'కారిపులే', మునగాకు 'బ్రెద్ మురుమ్', బీరకాయ 'పిపంగాయ్'. ఇవన్నీ దక్షిణాది నోళ్లలోంచి, ఎక్కువగా తమిళం నుంచి వెళ్లి ఫ్రెంచి నాలుకల మీద అరిగిన మాటలు. ఆకుకూరలన్నిటినీ 'బ్రెద్' అంటారు. అక్కడి హిందువుల పెళ్లిళ్లలో అరిటాకు వేసి 'సెత్ కారీ' వడ్డిస్తారు. అంటే ఏడు కూరలు. గుమ్మడి, పనస, అరటికాయ, చిక్కుడు గింజలు ఇలా. లెక్కపెడితే పచ్చళ్లతో కలిపి ఏడు దాటిపోతాయి గానీ, పెళ్లివారితో ఆ లెక్కలేమిటి?

చేపల విందాయ్ కూడా రాయి. వేయించిన చేపముక్కల్ని పసుపు, నూరిన ఆవాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, వెనిగర్‌లో వేస్తారు. ఫ్రిజ్ లేని కాలంలో నాలుగు రోజులు నిలవ ఉండాలని పుట్టిన వంట. ఆవ ఘాటు ముక్కుకెక్కగానే నాకు మా అమ్మ ఆవకాయ జాడీ గుర్తొచ్చింది. ఆక్టోపస్‌తో కూడా చేస్తారు. బుజ్జీ, నువ్వు అడుగుతావని తెలుసు. నేను తినలేదు, తాతయ్య తిన్నారు, బాగుందన్నారు. మారిషస్ దేశానికే చెందిన రోద్రీగ్ అని చిన్న దీవి ఉంది, తూర్పున 500 కిలోమీటర్లకి పైగా సముద్రం దాటి వెళ్లాలి. అక్కడ ఆటు వచ్చి నీళ్లు తగ్గినప్పుడు ఆడవాళ్లు బరిసెలు పట్టుకుని మోకాలి లోతులో నడుస్తూ ఆక్టోపస్‌లని పడతారు. కర్రల మీద బట్టల్లా ఆరేసి ఎండబెడతారు. మరీ తగ్గిపోతున్నాయని 2012 నుంచి ఏడాదిలో కొన్నాళ్లు వేట ఆపేస్తున్నారు. మన వైపు చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట నిషేధం ఉన్నట్టే.

అక్కడ స్థిరపడ్డ చైనా వాళ్లు ఎక్కువమంది హక్కా అనే తెగ జనం. ఊరూరా కిరాణా కొట్లు పెట్టుకున్నారు. వాళ్ల నుంచి వచ్చిందే బులెత్, ఆవిరి మీద ఉడికించి వేడి చారులో వేసిచ్చే ఉండలు. బెంగళూరు వంకాయ తురుముతో చేసినవి నాకు బాగా నచ్చాయి. బిర్యానీ కూడా ఉంది, అందులో వేయించిన బంగాళాదుంపలు వేస్తారు. మీరు హైదరాబాద్ వాళ్లు, కోప్పడకండి.

అలూదా అనే పాలు తాగకుండా అంగడి దాటొద్దు. చల్లటి పాలలో చైనా గడ్డి తురుము, నానిన సబ్జా గింజలు, తీపి పాకం. మన ఫలూదాకి చెల్లెలు.

మీరు ఇంట్లో చెయ్యగలిగింది బోల్ రాన్వెర్సే, అంటే బోర్లించిన గిన్నె. ఒక గుండ్రటి గిన్నెలో అడుగున వేయించిన గుడ్డు పెట్టండి, పచ్చసొన కిందికి ఉండాలి. దాని మీద సోయా సాస్‌లో చిక్కగా వేయించిన కూరగాయలో చికెనో వెయ్యండి. పైన వేడి అన్నం పెట్టి గట్టిగా నొక్కండి. కంచం మూత పెట్టి ఒక్కసారిగా తిప్పి గిన్నె తీసేస్తే గుడ్డు టోపీ పెట్టుకున్న అన్నం కొండ నిలబడుతుంది. బుజ్జిని తిప్పనివ్వు చిన్నీ, కిందటిసారి కేక్ నువ్వే కోశావు. స్టవ్ దగ్గర పని మాత్రం అమ్మదే. కొండ కూలినా ఫోటో పంపండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ

తా.క.: అక్కడ మన సన్న జంతికల్లాంటి శనగపిండి చిరుతిండి ఒకటి ఉంది, దాని పేరు 'కాకా పిజియో'. అంటే పావురం రెట్ట. దుకాణంలో ఆ పేరుతోనే అడిగి కొనుక్కుంటారు. ఇది చార్ట్ మీద రాయకండి, ఒకవేళ రాస్తే అమ్మమ్మ చెప్పిందని మాత్రం టీచర్‌కి చెప్పకండి.