టైప్ 1 షుగరు (ఒంట్లో ఇన్సులిన్ తయారవని జబ్బు) ఉన్న పిల్లలు: "ఏమీ తినలేదు కదా, ఇవాళ సూది వద్దులే"

ఈ మాట వినని వారం ఉండదు. జ్వరం, వాంతులు, పిల్లాడు ముద్ద ముట్టలేదు, ఇంట్లోవాళ్లు ఇన్సులిన్ ఆపేస్తారు. మర్నాటికి కీటోయాసిడోసిస్, అంటే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికొచ్చే స్థితి.

తిన్నా తినకపోయినా ఒంటికి ఇన్సులిన్ కావాలి. కాలేయం రక్తంలోకి గ్లూకోజు వదులుతూనే ఉంటుంది, జ్వరంలో ఇంకా ఎక్కువగా. ఇన్సులిన్ లేకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, అప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. వాటివల్ల వచ్చే కడుపునొప్పి, వాంతుల్ని చూసి "అజీర్తి" అనుకుని సోడా తాగిస్తారు. పూట గడిచిపోయేది అక్కడే.

లాంగ్ యాక్టింగ్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) డోసు పూర్తిగా ఆపడం అన్నది లేదు. తగ్గించాల్సివస్తే డాక్టరుకు ఫోన్ చేసి తగ్గించండి. భోజనం డోసు మాత్రం తిన్నదాన్నీ రీడింగునీ బట్టి. 2–4 గంటలకోసారి షుగరు చూడండి. 250 దాటినా, వాంతులైతే షుగరు ఎంతున్నా, మూత్రంలో ముంచి చూసే కీటోన్ల స్ట్రిప్పు వాడండి. షుగరు ఎక్కువుంటే నీళ్లు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ. తక్కువుంటే పంచదార నీళ్లు, గుక్కగుక్కగా. వాంతులు ఆగకపోయినా, ఎగశ్వాస వచ్చినా, స్ట్రిప్పు రంగు ముదురుగా మారినా ఆసుపత్రికే. క్యాజువాలిటీలో మొదటి మాటగా "టైప్ 1" అని చెప్పండి.

"షుగరు నార్మలైంది, జబ్బు పోయింది." పోలేదు. ఇన్సులిన్ మొదలెట్టిన కొన్ని వారాలకు మిగిలిన బీటా కణాలు (ఇన్సులిన్ తయారుచేసేవి) తాత్కాలికంగా తేరుకుని డోసు బాగా తగ్గొచ్చు. హనీమూన్ దశ అంటారు. పసరు మందువాళ్లు సరిగ్గా అప్పుడే తగులుతారు. పేరు వాళ్లకి, ఐసీయూ బిల్లు మీకు.

"మావాడు మొండి, చెప్పినట్టు వినడు." పదిహేనేళ్ల పిల్లాడి నోట్‌బుక్‌లో నెలంతా 120, 130, 125, ఒకే పెన్ను, ఒకే సిరా. మీటరు మెమరీ తెరిస్తే ఆ తేదీలు ఖాళీ. 280 వచ్చిన రోజు తిట్లు తిన్నవాడు ఇంకేం రాస్తాడు? అంకె చూడగానే "ఏం గడ్డి తిన్నావ్?" అనకండి, "ఇప్పుడు ఎన్ని యూనిట్లు వేద్దాం?" అనండి. మధ్యాహ్నం డోసు తప్పుతోందంటే బడిలో బాత్రూంలో దాక్కుని వేసుకోలేకపోతున్నాడేమో అడగండి. టీచరుతో మాట్లాడి స్టాఫ్‌రూంలో ఓ మూల ఇప్పిస్తే చాలాసార్లు సరిపోతుంది. పదమూడు నిండాయని మొత్తం వాడి నెత్తిన పెట్టేయకండి. రాత్రి సూది వేసుకునేటప్పుడైనా పక్కన కూర్చోండి.

నొప్పి తెలియడం లేదని రోజూ ఒకేచోట పొడుచుకుంటే చర్మం కింద గడ్డ కడుతుంది. అక్కడ వేసిన మందు ఒకరోజు ఇంకుతుంది, ఒకరోజు ఇంకదు. పొట్ట, తొడలు మార్చి మార్చి, పోయినసారి పొడిచిన చోటికి వేలెడు దూరంలో వేయండి.

ఇన్సులిన్ అలవాటైపోతుందా? అన్నం అలవాటైనట్టే.

సిరంజి కొనేటప్పుడు వయల్ (ఇన్సులిన్ సీసా) మీద అంకె చూడండి, మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లో అది చెబుతుంది. 40 అని ఉంటే 40 సిరంజి, 100 అని ఉంటే 100 సిరంజి. 100 మందును 40 సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు.