మెలియాయిడోసిస్: వందేళ్ల కిందటే దొరికినా మనం వెతకని జబ్బు

2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాలకు కారణం మెలియాయిడోసిస్ అనే బాక్టీరియా జబ్బు కావచ్చన్న అనుమానం వచ్చినప్పుడు, చాలామంది తెలుగువాళ్లు ఆ పేరు మొదటిసారి విన్నారు. జబ్బు మాత్రం పాతదే. దాన్ని తొలిసారి గుర్తించింది బ్రిటిష్ ఇండియాలోనే.

1911లో, బర్మా ఇంకా ఇండియాలో భాగంగా ఉన్న రోజుల్లో, రంగూన్‌లో పాథాలజిస్టు ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్, ఆయన సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి శవపరీక్షలు చేస్తూ ఒక విచిత్రం గమనించారు. మార్ఫిన్ సూదులకు అలవాటుపడిన నిరుపేదల దేహాల్లో ఊపిరితిత్తులు, కాలేయం, ప్లీహం చీముగడ్డలతో నిండి ఉన్నాయి. చూడటానికి గుర్రాలకు వచ్చే గ్లాండర్స్‌లా ఉంది. కల్చర్ చేస్తే, అంటే క్రిమిని ల్యాబులో పెంచి చూస్తే, తేడా తెలిసింది: గ్లాండర్స్ క్రిమి కదలదు, ఇది కదులుతోంది. 1912లో ఆ వివరాలు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో అచ్చయ్యాయి. 1921లో కౌలాలంపూర్‌లో స్టాంటన్, ఫ్లెచర్ దీనికి మెలియాయిడోసిస్ అని పేరుపెట్టారు.

చాలాకాలం ఇది ఎలుకల నుంచి సోకుతుందని నమ్మారు. అసలు నివాసం తడి నేల, బురదనీరు అని ఇండోచైనాలో ఫ్రెంచి శాస్త్రవేత్తలు తేల్చారు. బర్క్‌హోల్డేరియా సూడోమాలై అనే ఈ బాక్టీరియా వానాకాలంలో పొలంలో దిగినవారి కాలి పుండ్ల గుండానో, గాలితోనో ఒంట్లోకి చేరుతుంది. మధుమేహులకు ముప్పు మరీ ఎక్కువ. ఏళ్ల తరబడి ఒంట్లో నిద్రాణంగా ఉండి తర్వాత బయటపడిన సందర్భాలూ ఉన్నాయి.

వరి, వాన, మధుమేహం మూడూ ఉన్న మన దేశంలో 1990ల దాకా రోగుల వివరాలు దాదాపు నమోదు కాలేదు. జబ్బు లేక కాదు. క్షయ అనుకుని నెలల తరబడి ఆ మందులే ఇచ్చినవారు ఎందరో! చిన్న ల్యాబుల్లో ఈ క్రిమి కనిపించినా మామూలు సూడోమొనాస్ (తరచూ కనిపించే మరో రకం బాక్టీరియా) అని రాసి పక్కన పెట్టేవారు. వెల్లూరు, మణిపాల్ వైద్యులు పట్టుబట్టి వెతికాకే కేసులు బయటపడసాగాయి. ఏటా ప్రపంచంలో 1.65 లక్షల మందికి సోకి 89 వేల మంది మరణిస్తున్నారని 2016లో ఒక అంచనా వెలువడింది. అందులో పెద్ద వాటా దక్షిణాసియాదే.

ఈ నిర్లక్ష్యం బాధించడానికి కారణం, మందు ఉండటమే. పెన్సిలిన్, జెంటామైసిన్‌లకు ఇది లొంగదు. 1989లో థాయ్‌లాండ్‌లోని ఉబోన్ రాచథానీ పరిశోధకులు సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌తో మరణాలు సగానికి తగ్గాయని చూపించారు. కనీసం పది రోజులు ఆ సూదిమందు, ఆపై మూడు నెలలు కోట్రైమోక్సజోల్ మాత్రలు. అయితే రక్తం, చీము కల్చర్‌లో క్రిమిని సరిగ్గా పోల్చుకుంటేనే ఆ వైద్యం మొదలవుతుంది. ఆ పరీక్ష జిల్లా ఆసుపత్రి దాకా రావాలి.