దోమలు మనకు కొత్తా? ఉగాండా వెళ్లే నర్సింగ్ పిల్లల ఇళ్లల్లో వినే మాటలు

నర్సింగ్ విద్యార్థుల్ని ఉగాండా ఆసుపత్రుల్లో సేవకు తీసుకెళ్తుంటాను. బయల్దేరే ముందు తల్లిదండ్రుల మీటింగ్ పెడితే చాలు, ఎవరో ఒకరు అంటారు: "దోమలు మాకు కొత్తేంటండీ మేడమ్? పంటకాలవ గట్టు మీదే కదండీ మా ఇల్లు. మా పిల్లకి ఆ మలేరియా రాకుండా వేసే మాత్రలెందుకండీ?"

పిల్ల ఏమైపోతుందో అని కంగారుపడే తల్లికి ఎంతసేపైనా సర్దిచెబుతాను. నాకు టెన్షన్ పెట్టేది ఈ ధీమానే.

కోనసీమలో మనల్ని పీక్కుతినేది ఎక్కువగా మురుగులో పుట్టే క్యూలెక్స్. అది బోదకాలు తెస్తుంది. మలేరియా తెచ్చేది అనాఫిలిస్. ఎన్ని దోమలు కుట్టినా మలేరియాని తట్టుకునే శక్తి రాదు. ఉగాండా పెద్దవాళ్లకున్న కాస్త రక్షణ కూడా చిన్నప్పట్నుంచీ ఆ జ్వరం పదేపదే వచ్చి మిగిలినదే. పైగా అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపరం, మెదడుకెక్కే రకం.

ఇంటికి రాగానే మాత్రలు ఆపేయడం ఇంకో ప్రమాదం. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. మలేరియా క్రిమి ముందు కాలేయంలో పెరిగి తర్వాత రక్తంలోకి దిగుతుంది. ఆ మాత్ర ముఖ్యంగా పనిచేసేది రక్తంలోకి వచ్చాకే. ఆ మాత్రతో గుండెల్లో మంటగా ఉంటే అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, అరగంట నడుం వాల్చకుండా ఉండండి.

మాతో వచ్చిన ఒకమ్మాయి ఆ మంటకే మానేసింది. కొన్నాళ్లకు చలిజ్వరం. ఊళ్లో టైఫాయిడ్ అని సెలైన్ పెట్టారు. ఉగాండా మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. "చెబితే ఎబోలా అని ఊరంతా మా గుమ్మం తొక్కరేమోనని భయమేసిందండీ" అంది వాళ్లమ్మ తర్వాత. ఆవిడని ఏమనగలం? రక్తం స్లైడ్ మీద పరీక్షిస్తే ఫాల్సిపరం. సమయానికి మందు పడి కోలుకుంది.

వాట్సాప్ వైద్యులకు ఒక మాట. ఎబోలా గాలిలో రాదు. జబ్బు లక్షణాలున్న మనిషి రక్తం, వాంతి లాంటివి తగిలితే వస్తుంది. 2022లో ఉగాండాలో వచ్చింది, 2023 జనవరిలో ముగిసిందని ప్రకటించారు. అలాంటివి నడుస్తున్నప్పుడు మేం పిల్లల్ని తీసుకెళ్లం. వెళ్లొచ్చిన 3 నెలల్లో జ్వరమొస్తే డాక్టరుకి ముందు దేశం పేరు చెప్పండి, అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. ఒకసారి నెగెటివ్ వచ్చిందని వదిలేయకండి, మళ్లీ చేయించాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "అక్కడైతే పిల్లలు కుట్లు కూడా వేయొచ్చటగా?" వేయకూడదు. ఇక్కడ చేయనివ్వని పని అక్కడా చేయనివ్వను. మన పిల్లలు టెంపరేచర్ చూస్తారు, పక్కలు మారుస్తారు, ఒళ్లు తుడుస్తారు. అక్కడా రోగి పక్కన ఇంటివాళ్లే ఉండి వండిపెట్టుకుంటారు, వాళ్లకు మన పిల్లలు సాయంగా ఉంటారు. అక్కడ సేవ చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్ చూసి గల్ఫ్‌లో ఉద్యోగం ఇస్తారా? ఇవ్వరు. అలా చెప్పే ఏజెంటుకి డబ్బు కట్టకండి.

ఎల్లో ఫీవర్ టీకా జీవితానికి ఒక్కసారి చాలు. కాకపోతే వేయించుకున్న 10 రోజులకు గానీ కార్డు చెల్లదు, ప్రయాణం ముందురోజు పరిగెత్తితే లాభం లేదు. కార్డు మీద ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశారో లేదో టీకా కేంద్రంలోనే చూసుకోండి.