చంటీ, బుజ్జీ... ఆ పెట్టెలన్నీ ఎందుకో చెప్తాను

చంటీ, బుజ్జీ,

మొన్న మీరొచ్చినప్పుడు నా బల్ల మీద కరెంటుతో శబ్దాలు పుట్టించే సింథసైజర్, డ్రమ్ మెషిన్ పెట్టెలూ వాటి వైర్లూ చూసి "ఇవన్నీ నా లాప్‌టాప్‌లో ఉన్నాయి కదా తాతయ్యా, మళ్ళీ ఇదంతా ఏటి" అని అడిగావు చంటీ, నేను మొదలెట్టేలోపే మీ అమ్మ అన్నానికి పిలిచేసింది, ఆ మాట సగంలోనే ఆగిపోయింది. కాలేజీ ఫెస్ట్‌లో మీరిద్దరూ అరగంట ఎలక్ట్రానిక్ సంగీతం లైవ్ వాయిస్తామంటున్నారు కాబట్టి ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట, లాప్‌టాప్ తప్పని నేను అనను. పాట కట్టుకోడానికి, కోసి అతికించడానికి, యాభై ట్రాకులు పెట్టి మిక్స్ చెయ్యడానికి దాన్ని మించింది లేదు, నేనూ ఎడిటింగ్ అందులోనే చేస్తాను. నేను చెప్పేది జనం ముందు నిలబడి వాయించడం గురించి మాత్రమే.

మన వైపు తప్పెటగుళ్ళు చూశారు కదా, తప్పెట గుండె మీద కట్టుకుని రెండు చేతుల్తో కొడుతూ గెంతుతూ ఉంటే ఎక్కడో వెనకాల నిలబడ్డవాడికి కూడా చెయ్యి పడ్డమూ శబ్దం రావడమూ ఒక్కసారే తెలుస్తాయి. ఎలక్ట్రానిక్ సంగీతంలో పోయేది అదే. శబ్దం స్పీకర్లోంచి వస్తుంది, చేసే చెయ్యి ఎక్కడో ఉంటుంది, రెండిటికీ మధ్య తాడు కనపడదు. హార్డ్‌వేర్ పెట్టెల మీద ఆ తాడు కొంత కనపడుతుంది. కానీ జనం సంగతి నాకు రెండోది. మొదటిది మీ చేతులు. మౌస్‌తో ఒకసారికి ఒక్కటే కదపగలరు, పెట్టె ముందు కూర్చుంటే ఎడం చెయ్యి బేస్ ఫిల్టర్ మూస్తుంటే కుడి చెయ్యి డిలే, అంటే ప్రతిధ్వని, పెంచుతుంది, చెవి రెండిటినీ కలిపి వింటుంది. ఫిల్టర్ అంటే ఏంటో బుజ్జి అడిగింది కదా, మన బీచ్ రోడ్ వైపు కిటికీ మూసి చూడు, అల చిట్లినప్పుడు వచ్చే ఆ పలచటి సద్దు పోయి లోపలి హోరు మిగులుతుంది, కటాఫ్ నాబ్ చేసేది అదే పని, ఆ కిటికీని ఎంత మెల్లగా మూస్తావన్నదే నీ వాయింపు.

నాబులున్న కంట్రోలర్ కొనుక్కుని లాప్‌టాప్‌కి తగిలిస్తే అయిపోద్ది కదా అంటావు, సగం నిజమే, చాలామంది గొప్పగా వాయిస్తున్నారు కూడా. అయితే ఆ నాబ్ ఈ పేజీలో ఫిల్టర్, పక్క పేజీలో పెద్ద హాల్లో మోగినట్టు చేసే రివర్బ్, ఇంకో పాటలో ఇంకోటి. చేతికి చోటు గుర్తుండదు. పాత పెట్టెలో, శబ్దం ఎంత త్వరగా ఆరిపోవాలో చెప్పే డికే నాబ్ పాతికేళ్ళ కిందట ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది, మీ అమ్మమ్మ చీకట్లో కూడా పోపుల డబ్బాలో ఆవాల గిన్నె తడుముకోకుండా తీసినట్టు చెయ్యి దానంతటదే పోతుంది, అప్పుడు కళ్ళు ఖాళీ అవుతాయి, ఎదురుగా ఉన్న మనుషుల్ని చూడొచ్చు.

ఇది పరాయి వాళ్ళ విద్య అనుకోకండి. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో సింథసైజర్ చేశాడు, 1969 కల్లా ఆయన పెట్టె ఒకటి అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లోకి వచ్చేసింది, డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా సంగీతకారుడు వచ్చి అక్కడ స్టూడియో పెట్టించాడు. నాకు ఇంకా ఇష్టమైంది చరణ్‌జిత్ సింగ్ కథ. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి, 1982లో రోలాండ్ వాళ్ళ మూడు పెట్టెలు ముందు పెట్టుకున్నాడు, డ్రమ్స్‌కి టీఆర్-808, బేస్‌కి టీబీ-303, పైన రాగానికి జూపిటర్-8. తాళం యంత్రానికి అప్పగించి పది రాగాలు ఒక రికార్డుగా చేశాడు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కొన్నేళ్ళకి చికాగోలో అదే 303 నాబులు తిప్పి యాసిడ్ హౌస్ అని ఒక కొత్త సంగీతం పుట్టించారు, 2010లో ఈయన రికార్డు మళ్ళీ విడుదలయ్యాక అది విన్నవాళ్ళు ఇదేంటి మనకన్నా ముందే బొంబాయిలో ఉందా అని ఆశ్చర్యపోయారు. 2015లో పోయాడాయన, పోయేలోపు యూరప్ వెళ్ళి స్టేజి మీద వాయించాడు, ఆ సంగతి తల్చుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి.

సరే, పనిలోకి వద్దాం. మూడు పెట్టెలు ఒకే లయలో నడవాలంటే వాటి మధ్య గడియారం ఉండాలి. 1983లో మిడి వచ్చింది, వేర్వేరు కంపెనీల పెట్టెలు మాట్లాడుకోడానికి ఒక ఉమ్మడి భాష, డేవ్ స్మిత్, ఇకుతారో కకేహాషి అనే ఇద్దరు సింథ్ కంపెనీల పెద్దలు పట్టుబట్టి తెచ్చారు, ఆ ఏడాది జనవరిలో ఒక కంపెనీ సింథ్‌ని ఇంకో కంపెనీ సింథ్‌కి వైరుతో కలిపి అందరి ముందూ చూపించారు. నలభై ఏళ్ళు దాటినా ఆ వైరు ఇవాళ్టి పెట్టెకి తగిలిస్తే పనిచేస్తుంది, యంత్రాల్లో అంత నమ్మకమైన మాట అరుదు. మిడి క్లాక్ ఒక్కో బీట్‌కి 24 టిక్కులు పంపిస్తుంది, అంటే 120 బీపీఎమ్‌లో, నిమిషానికి 120 బీట్లన్నమాట, సెకనుకి 48 టిక్కులు. ఒక్క పెట్టే పెద్దది, మిగతావి దాని మాట వినాలి, ఇద్దరు పెద్దలుంటే లయ చెడిపోద్ది. డ్రమ్ మెషిన్‌ని పెద్దగా పెట్టుకోండి. ఇంకోటి, పాత రోలాండ్ పెట్టెలకి సింక్ అని ఒక సాకెట్ ఉంటుంది, చూడ్డానికి మిడి లాగే ఐదు పిన్నులది, కానీ అది మిడి కాదు, ఒకదాన్ని ఇంకోదానికి తగిలిస్తే ఏమీ నడవదు, పెట్టె పాడైపోయిందనుకుని కంగారుపడకండి.

సీక్వెన్సర్ మీద, అంటే మనం పెట్టిన వరసని తిప్పి తిప్పి వాయించే భాగం మీద, పదహారు బటన్లు ఉంటాయి, ఒక్కోటీ ఒక మెట్టు, అంటే స్టెప్, బుజ్జీ నువ్వు సంగీతం క్లాసుకి వెళ్తున్నావు కాబట్టి నీకు తేలిక, తకధిమి నాలుగుసార్లు అంటే పదహారు, రెండు చుట్లు తిరిగితే ఆది తాళం ఒక ఆవర్తనం. ఇప్పుడు బేస్ పొడవు మాత్రం 14 పెట్టు, మిశ్ర చాపు రెండుసార్లు అన్నమాట, డ్రమ్స్ 16లోనే ఉండనీ. రెండూ కలిసి మొదలై విడిపోతాయి, మళ్ళీ 112 మెట్లకి గాని కలవ్వు, అంటే డ్రమ్ ఏడు చుట్లు తిరిగాక. నువ్వు ఏమీ కదపకుండానే బేస్ ప్రతి చుట్టుకీ కొత్తగా వినపడుతుంది, కలిసిన చోట జనం ఒక్కసారి తలెత్తుతారు, లెక్క వాళ్ళకి తెలీదు గానీ ఒంటికి తెలుస్తుంది. మన మృదంగం వాళ్ళు ఎప్పట్నుంచో చేసే పనే.

అరగంటకి ఎన్ని ప్యాటర్న్‌లు, అంటే తిరిగి తిరిగి వచ్చే అలాంటి చుట్లు, కావాలి అంటే నా లెక్కలో ఎనిమిది చాలు. పాట మొత్తం మొదట్నుంచి చివరిదాకా రాసేసి పెట్టెలో పెట్టకండి, అలా పెడితే ప్లే నొక్కి పక్కన నిలబడ్డమే, అది లాప్‌టాప్‌లో చేసినా ఒకటే. ముడిసరుకు పెట్టుకోండి. కిక్ అనే లోతు దెబ్బ, హైహ్యాట్ అనే సన్న తాళాల చప్పుడు, క్లాప్ అనే చప్పట్లు, బేస్, పైన ఒక రాగం ముక్క, వీటిల్లో ఏది ఎప్పుడు రావాలో ఎప్పుడు తప్పుకోవాలో అక్కడ నిలబడి తేల్చండి. మ్యూట్ బటన్‌ని ఒక వాయిద్యం అనుకోండి. కిక్ తీసేసి ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది చుట్లు, ఆగి మళ్ళీ వదలడం, ఆ ఆగడం ఎంతసేపన్నది నేర్పడం నా వల్ల కాదు, ఎదురుగా ఉన్నవాళ్ళ భుజాలు చూసి తెలుసుకోవాలి. పెట్టెలో అన్‌డూ ఉండదని భయపడకండి, చెయ్యి జారి తప్పు స్టెప్ పడితే దాన్ని ఇంకో రెండుసార్లు కావాలని వెయ్యండి, అది పాటలో భాగమైపోద్ది.

ఇప్పుడు కరెంటు. షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్ళు ఎలక్ట్రికల్ పని చేసి, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించిన మనిషిగా చెప్తున్నాను, స్టేజి మీద సగం కష్టాలు సంగీతంలోవి కాదు. ఒకసారి చవితి పందిట్లో మేము మొదలెట్టగానే స్పీకర్లోంచి బుయ్య్ అని ఒకటే మోత, పాట కంటే అదే పెద్దగా వినపడింది, ఆ రాత్రంతా అలాగే వాయించాం, నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. అది 50 హెర్ట్జ్ కరెంటు మోత, మన పెట్టెలకి ఒక చోట నుంచీ మిక్సర్‌కి ఇంకో చోట నుంచీ ఎర్త్ రావడంతో పుట్టింది. కాబట్టి మీ సామానంతా ఒకే స్పైక్ బోర్డు మీద పెట్టండి, సౌండ్ వాళ్ళ మిక్సర్‌కి వెళ్ళే దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్, అంటే శబ్దాన్ని పోనిచ్చి రెండు వైపుల సిగ్నల్ వైర్లని విడదీసే చిన్న డబ్బా, వెయ్యండి. మోత ఆపడానికి ఎర్త్ పిన్ను తీసేసేవాళ్ళుంటారు. అది మాత్రం ఎప్పుడూ చెయ్యకండి, ఎవరు చెప్పినా వినకండి, ప్రాణం పోయే పని అది.

అడాప్టర్లు కూడా. 9 వోల్టులు అని రాసుంటే చాలదు, ప్లగ్ మధ్యలో ప్లస్సా మైనస్సా చూడాలి. కోర్గ్ కంపెనీ వోల్కా పెట్టెలకి మధ్యలో ప్లస్, బాస్ అనే కంపెనీ పెడల్స్‌కి, అంటే కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెలకి, మధ్యలో మైనస్. హడావిడిలో ఒకటి తీసి ఇంకోదానికి పెట్టి నేను ఒక పెడల్ కాల్చేశాను, ఒక్క క్షణం. ప్రతి అడాప్టర్‌కీ తెల్ల టేపు చుట్టి దేనిదో పేరు రాయండి.

మన ఊళ్ళో ఇంకో శత్రువు ఉప్పుగాలి. బీచ్‌కి దగ్గర ఇళ్ళల్లో గేట్లు ఎలా తుప్పుపడతాయో చూస్తున్నారుగా, అదే గాలి జాకుల్లోకీ నాబుల్లోకీ పోతుంది, తిప్పితే గరగరమంటాయి. వాడకపోయినా వారానికోసారి ప్రతి నాబూ చివరిదాకా అటూ ఇటూ తిప్పండి, గుడ్డ కప్పండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పడెయ్యండి, కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టండి. వైర్లు ప్రతిదీ రెండేసి ఉండాలి, పోయేది ఎప్పుడూ చవకైన వైరే.

కొనేటప్పుడు ఒకటే కొనండి. సెకండ్ హ్యాండ్‌దైనా పర్లేదు, డ్రమ్స్, ఒక బేస్ వచ్చే చిన్న పెట్టె. ఆర్నెల్లు దానితోనే ఉండండి, చిరాకొచ్చినా సరే, ఇది చెయ్యలేదు అది చెయ్యలేదు అనిపించిన దగ్గరే మీ సొంత దారి దొరుకుతుంది, నాకు అలాగే దొరికింది. ఫెస్ట్‌కి రెండోదీ మిక్సరూ నా దగ్గరున్నవి పట్టుకెళ్ళండి.

వచ్చే ఆదివారం ఎండెక్కకముందే రండి. మధ్యలో ఆపకుండా నలభై నిమిషాలు వాయిద్దాం, తప్పులొచ్చినా ఆపేది లేదు. చంటీ, నీ లాప్‌టాప్ కూడా పట్టుకురా, రికార్డు చేసుకోవాలి కదా, సాయంత్రం బీచ్‌లో నడుస్తూ ముగ్గురం వింటాం.

మీ తాతయ్య