మూతి వంకర పోగానే పసరు కోసం బయల్దేరకండి

పోయిన వారం మళ్లీ ఒకాయన వచ్చారు, మూతి వంకర పోయి పన్నెండు రోజులైంది. ఎవరో పక్షవాతమని చెబితే రెండు ఊళ్లు తిరిగి పసరు పోయించుకుని, అప్పుడు నా దగ్గరికి వచ్చారు. నేను ఫిజియోథెరపిస్టుని. నాకు కోపం ఆయన మీద కాదు. పొద్దున్నే పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోయి, అద్దంలో చూసుకుంటే సగం ముఖం కదలకపోతే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. ఆ భయంలో ఉన్న మనిషికి ఫలానా ఊరికి పొమ్మని చెప్పేవాళ్ల మీదే నా కోపం.

ఇలా ఉన్నట్టుండి సగం ముఖం పడిపోయే ఈ జబ్బు పేరు బెల్స్ పాల్సీ, ఇది మెదడులో వచ్చేది కాదు. ముఖ కండరాలకు వెళ్లే ఏడో నరం చెవి దగ్గర ఎముకలోని సన్నటి దారిలో వాచి నలిగిపోతుంది, అందుకే నుదురు, కనురెప్ప, బుగ్గ, పెదవి అన్నీ ఒకేసారి పడిపోతాయి. మెదడు దెబ్బతిని వచ్చే పక్షవాతంలో, అంటే స్ట్రోక్‌లో, మామూలుగా నుదురు ముడత పడుతుంది, కింది భాగమే జారుతుంది. అయినా మీరే తేల్చేసుకోకండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. చెయ్యి పట్టు తప్పినా మాట తడబడినా వెంటనే 108.

ఇక పసరు సంగతి. ఈ జబ్బు మందేమీ వేయకపోయినా పది మందిలో ఏడుగురికి దాదాపు పూర్తిగా తగ్గిపోతుంది, ఆ పేరంతా పసరుకు పోతుంది. మిగిలిన ముగ్గురి గురించి ఎవరూ చెప్పరు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదటి 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. 2007లో వచ్చిన స్కాట్లాండ్ పరిశోధనలో, ఆ మాత్రలు వాడినవాళ్లలో తొమ్మిది నెలలకు 94 శాతం మంది కోలుకున్నారు, వాడనివాళ్లలో 82 శాతం. స్టెరాయిడ్ అనగానే చీటీ పక్కన పడేయకండి, ఇది కొద్ది రోజుల కోర్సే. షుగర్ ఉంటే ముందే చెప్పండి, డాక్టరు చూసుకుంటారు.

మా పెద్దమ్మకు వచ్చినప్పుడు నేనింకా కాలేజీలో ఉన్నాను. ఇంట్లో అందరి టెన్షన్ మూతి గురించే, మూసుకోని కన్నును ఎవరూ పట్టించుకోలేదు. రాత్రంతా ఫ్యాను గాలికి ఆరిపోయి నల్లగుడ్డు మీద పుండు పడింది. మూడు నెలలకు మూతి సరిగ్గా వచ్చింది, ఆ కంటి చూపు మాత్రం మసకగానే ఉండిపోయింది. పగలు చుక్కల మందు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్ప మూసి టేపు. ఇంతే చేయాల్సింది, చెప్పినవాళ్లే లేరు.

మిగతావి చిన్నవి. మూతి లాగిన వైపు జబ్బుందని అటే మర్దన చేస్తారు, పడిపోయింది రెండో వైపు. వ్యాయామమని చూయింగ్ గమ్ నమిలితే పనిచేసేవి దవడ కండరాలు, వాటి నరమే వేరు. బెలూన్లు గట్టిగా ఊదొద్దు, నవ్వితే కన్ను మూసుకుపోయే అలవాటు పడొచ్చు. అద్దం ముందు మెల్లగా, ఒక్కో కదలికే చేయాలి. చెవిలో పొక్కులు కనిపిస్తే అది వైరస్ వల్ల వచ్చే వేరే జబ్బు, వెంటనే డాక్టరుకు చెప్పండి. మూడు నెలలైనా పూర్తిగా తగ్గకపోతే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.